నెల్లూరులో ఒక సాయంత్రం తింటూ తిరగడం ఎలా: శాండ్‌విచ్‌తో మొదలుపెట్టి మలై కాజా దాకా

హైదరాబాద్ నుంచి మా మేనత్త కొడుకు వచ్చాడు. ఫోన్లో పెద్ద జాబితా రాసుకొచ్చాడు. కారం దోసె, మలై కాజా, చేపల పులుసు, ఏదో గ్రిల్ శాండ్‌విచ్, ఇంకేవో. మధ్యాహ్నం ఒంటిగంటకు అమ్మ పెట్టిన చేపల పులుసుతో రెండు మార్లు అన్నం కలుపుకున్నాడు. నాలుగు గంటలకు "పద బావా, కారం దోసె తిందాం" అన్నాడు. వెళ్తే పెనం చల్లగా ఉంది, పిండి రుబ్బి ఉంది గానీ వేసే మనిషి లేడు. పక్కన బజ్జీల బండి ఇంకా పొయ్యి కూడా వెలిగించలేదు. స్వీటు షాపు ఒక్కటే తెరిచి ఉందని ఖాళీగా ఉండలేక నాలుగు కాజాలు తినేశాడు. ఆరున్నరకు బజ్జీల వాసన వీధంతా తిరుగుతుంటే మావాడు పొట్ట పట్టుకుని ఇంటికి పోదామన్నాడు.

తప్పు జాబితాలో లేదు, వరసలో ఉంది. మా ఊళ్లో ప్రతి చిరుతిండికీ ఒక గంట ఉంది. ఆ గంటకు అది వేడిగా, తాజాగా దొరుకుతుంది. ముందు వెళ్తే ఉండదు, తర్వాత వెళ్తే మిగిలింది దొరుకుతుంది. ఏ షాపు మంచిదన్న చర్చ రెండో విషయం. అందుకే కింద షాపుల పేర్లు పెట్టలేదు. వంట మాస్టారు మారితే మూడు నెలల్లో రుచి మారిపోతుంది, నేను రాసిన పేరు అబద్ధమైపోతుంది. బండిని చూసి మంచీ చెడూ పోల్చుకోవడం వస్తే నెల్లూరే కాదు, కావలిలోనైనా ఒంగోలులోనైనా పనికొస్తుంది.

మొదటి అడుగు: మధ్యాహ్నం భోజనం దగ్గర జాగ్రత్త

ఇది వినడానికి చిన్న సంగతిలా ఉంటుంది గానీ సగం సాయంత్రాలు చెడేది ఇక్కడే. నెల్లూరు చుట్టాలింట్లో దిగితే చేపల పులుసు పెట్టకుండా వదలరు. మామిడికాయ ముక్కలు వేసిన ముందురోజు పులుసు ఉందంటే మీ పని అయిపోయినట్టే. దాన్ని మరుసటి రోజుకు వాయిదా వేయించుకోండి, ముందురోజు పులుసు ఇంకో రోజుకు ఇంకా బాగుంటుందని చెప్తే వాళ్లూ ఒప్పుకుంటారు. ఆ రోజుకు పన్నెండున్నరకల్లా చారన్నం, మజ్జిగన్నం తిని లేవండి.

మనుషులు ముగ్గురైతే సరిగ్గా కుదురుతుంది. శాండ్‌విచ్ నాలుగు ముక్కలు, దోసె మూడు ముక్కలు, బజ్జీలు ప్లేటుకు నాలుగు. అన్నీ పంచుకుంటేనే అన్నీ రుచి చూడగలరు. ఒక్కరే వెళ్తే రెండో చోటే కడుపు నిండుతుంది. ఆరుగురు వెళ్తే సగం సేపు "వాడేడీ, వీడేడీ" అని వెతుక్కోవడంతోనే సరి.

చిల్లర పెట్టుకోండి. అందరి దగ్గరా స్కానర్ ఉంది, కానీ సాయంత్రం రద్దీలో నెట్ ఆగితే వెనకాల పదిమంది నిలబడి మన మొహం చూస్తుంటారు. ఒక నీళ్ల సీసా, ఒక చేతిరుమాలు, బిగుతు మూత ఉన్న ఒక స్టీలు డబ్బా. డబ్బా ఎందుకో చివర్లో చెప్తాను.

కాలం కూడా చూసుకోవాలి. మే నెలలో ఆరు లోపు రోడ్డెక్కితే తినాలన్న కోరికే ఆవిరైపోతుంది, అప్పుడు మొత్తం వరసను గంట ఆలస్యంగా మొదలుపెట్టండి. మాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ రోజుల్లో ముసురు పడితే బండ్లు సగం రావు. రైలు కట్ట కింద అండర్ బ్రిడ్జిల్లో నీళ్లు నిలిచి ఊరు రెండు ముక్కలవుతుంది. అలాంటి రోజు కట్టకు ఏ వైపు ఉంటే ఆ వైపే తినండి.

రెండో అడుగు: ఒక్క ప్రాంతం ఎంచుకోండి

పాత నెల్లూరు తిండి కావాలంటే ట్రంకు రోడ్డు. గాంధీబొమ్మ, వీఆర్సీ సెంటరు, మద్రాసు బస్టాండు, ఈ మూడూ నడిచి తిరగగలిగిన దూరం. కొత్త రకం కేఫ్‌లు, ఏసీలో కూర్చుని కాఫీ, చీజ్ కారే శాండ్‌విచ్‌లు కావాలంటే మాగుంట లేఅవుట్ వైపు. రెండూ ఒకే సాయంత్రం పెట్టుకోవద్దు. ఆటోలో పోయే సమయం కాదు సమస్య, కేఫ్‌లో కూర్చుంటే లేవబుద్ధి కాదు. ఎటు వెళ్లినా బండిని ఒకచోట పెట్టేసి నడవండి. తినడానికీ తినడానికీ మధ్య ఆ పది నిమిషాల నడకే రెండో దానికి చోటు చేస్తుంది.

మద్రాసు బస్టాండు పేరు వినగానే కొత్తవాళ్లు నవ్వుతారు. కానీ మా తిండి అర్థం కావాలంటే ఆ పేరు పనికొస్తుంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మేమంతా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం, ఇప్పటికీ పెళ్లి బట్టలకూ పెద్ద ఆస్పత్రికీ చెన్నై వెళ్లే ఇళ్లు చాలా ఉన్నాయి. అందుకే ఇక్కడ పలచని సాంబారు, ఫిల్టర్ కాఫీ, పరోటా ఒక పక్క, గొంతు మండించే ఎర్రకారం ఇంకో పక్క ఒకే బల్ల మీద కనిపిస్తాయి.

మూడో అడుగు: ఐదు గంటలకు బేకరీ, శాండ్‌విచ్

నెల్లూరు వచ్చి శాండ్‌విచ్ ఏంటని అడిగేవాళ్లున్నారు. మా తరానికి కాలేజీ వదిలాక తినే మొదటి తిండి బేకరీదే. రెండు రూపాయలు ఎక్కువుంటే ఎగ్ పఫ్, లేకపోతే క్రీమ్ బన్ను. శాండ్‌విచ్ తర్వాత వచ్చింది, బొంబాయి పద్ధతిలో వచ్చింది. పచ్చ చట్నీ, ఉడికించిన బంగాళాదుంప, కీరా, టమాటా, ఉల్లిపాయ చక్రాలు, పైన చాట్ మసాలా. దాంట్లోకి చీజ్, మయోనీజ్, కార్న్ ఆ తర్వాత చేరాయి.

ముందు కూరగాయల డబ్బాలు చూడండి. కీరా ముక్కల కింద నీళ్లు ఊరి ఉంటే అవి పొద్దున కోసినవి. మీ ముందు కోస్తుంటే అదృష్టం. అద్దాల బీరువాలో ప్లాస్టిక్ చుట్టి పెట్టిన శాండ్‌విచ్‌లు వద్దు, ఎప్పుడు చేశారో వాళ్లకే గుర్తుండదు. తర్వాత బ్రెడ్డు ప్యాకెట్టు మీద తేదీ. అడగడానికి మొహమాటపడొద్దు, మా ఊరి బేకరీ కుర్రాళ్లు "చూసుకో అన్నా" అని ప్యాకెట్టే చేతికిస్తారు.

ఇప్పుడు వెన్న సంగతి. రెండు బ్రెడ్డు ముక్కలకూ లోపలి వైపు అంచుల దాకా వెన్న రాసేవాడు పని తెలిసినవాడు. రుచి కోసమే కాదది. టమాటా, కీరా నీళ్లొదులుతాయి. మధ్యలో కొవ్వు పొర ఉంటే ఆ తడి బ్రెడ్డులోకి ఇంకదు. నడిమధ్యన ఒక చుక్క వెన్న పెట్టి మూసేస్తే ఐదు నిమిషాల్లో అడుగు మెత్తబడి ముక్క చేతిలో విరిగిపోతుంది.

మయోనీజ్ మాత్రం నేను వద్దంటాను. పచ్చి గుడ్డుతో చేసింది వేడిలో బయట ఉంటే సాల్మొనెల్లా లాంటి క్రిములు పెరగడానికి అంతకంటే మంచి చోటు లేదు. 2023లో కేరళ, 2024 అక్టోబరులో తెలంగాణ, 2025లో తమిళనాడు పచ్చిగుడ్డు మయోనీజ్‌ను నిషేధించింది అందుకే. నాకు ఆ వార్తలకు ముందే బుద్ధొచ్చింది. ఒక ఏప్రిల్ మధ్యాహ్నం మూడింటికి ఒక చోట చికెన్ మయో శాండ్‌విచ్ తిన్నాను. మయోనీజ్ గిన్నె ఫ్రిజ్‌లో కాదు, గ్రిల్ మెషీన్ పక్కనే ఉంది. చూశాను, అయినా తిన్నాను. రెండు రోజులు గ్లూకోజు నీళ్లే. ఇప్పుడు నేను చెప్పే మాట ఒక్కటే: "చట్నీ ఎక్కువ, మయో వద్దు, వెన్న చాలు, బాగా కాల్చు."

కాల్చడమంటే గీతలు పడేదాకా కాదు, లోపలి బంగాళాదుంప వేడెక్కేదాకా. పైన గోధుమ రంగు వచ్చినా లోపల చల్లగా ఉందంటే మెషీన్ మరీ వేడిగా ఉందన్నమాట, మళ్లీ పెట్టమనండి.

ఎగ్ పఫ్ తినాలనుంటే ట్రే ఎప్పుడొస్తుందో అడగండి. మడత మడతకూ మధ్య కొవ్వు రాసి చుట్టిన మైదా పొరలవి. పొయ్యి నుంచి దిగిన గంటలోపు పొడిపొడిగా రాలతాయి, తర్వాత గాలిలో తేమ పీల్చుకుని తోలులా సాగుతాయి. మళ్లీ ఓవెన్‌లో వేడి చేసి ఇచ్చినా మొదటి రుచి రాదు.

మధ్యలో ఒక మాట. ఇంటికెళ్లాక ఎర్రకారం శాండ్‌విచ్ చేసుకోండి, ఇది ఏ బేకరీలోనూ అడగొద్దు, వెర్రివాడిలా చూస్తారు. ఎనిమిది ఎండు మిరపకాయలు వేడి నీళ్లలో నానబెట్టి, ఆరు వెల్లుల్లి రెబ్బలు, ఒక చిన్న ఉల్లిపాయ, ఉప్పు, శనగగింజంత చింతపండు వేసి మెత్తగా రుబ్బండి. బ్రెడ్డుకు ముందు వెన్న, దాని మీద ఈ కారం పలచగా, పైన పప్పుల పొడి, అంటే వేయించిన శనగపప్పు పొడి, చల్లి మూసేయండి. దోసె పెనం మీద నెయ్యి వేసి, పైన నీళ్లున్న చెంబు బరువు పెట్టి రెండు వైపులా కాల్చండి. మా ఇంట్లో పిల్లలకు కారం సగం, పొడి రెట్టింపు.

నాలుగో అడుగు: ఆరు గంటలకు బజ్జీల బండి

బజ్జీలు వేసే పిన్ని బండి దగ్గర మొదట చూడాల్సింది మూకుడు. కొత్త నూనె బంగారు రంగులో ఉండి, బజ్జీ పడగానే చుట్టూ సన్నని బుడగలు వస్తాయి. చాలాసార్లు కాగిన నూనె నల్లబడి చిక్కబడుతుంది, బజ్జీ తీసేశాక కూడా పైన నురగ నిలుస్తుంది, మామూలు మంటకే పొగ లేస్తుంది. లెక్క కావాలంటే, పాడైన కొవ్వు పదార్థాలు, అంటే టోటల్ పోలార్ కాంపౌండ్స్, 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 జులై నుంచి నియమం ఉంది. మన దగ్గర మీటరు ఉండదు, కళ్లూ ముక్కూ చాలు.

వాము, చింతపండు ముద్ద పెట్టిన మిరపకాయ బజ్జీని చీల్చి, సన్నగా తరిగిన ఉల్లిపాయ కూరి, నిమ్మకాయ పిండి ఇస్తారు. రెండు చాలు. నూనె పీల్చడానికి అచ్చు కాగితంలో పెట్టిస్తే ఆకులోనో ప్లేటులోనో పెట్టమనండి. వేడి నూనెకు కాగితం మీది సిరా తిండిలోకి దిగుతుందని ఆహార భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించింది, ఇప్పటికీ నిన్నటి పేపరే పొట్లం.

కారం ఎక్కువైందనిపిస్తే పక్కనే బొరుగుల మసాలా. మిగతా కోస్తా జిల్లాల స్నేహితులు మరమరాలంటారు, మాకవి బొరుగులే. కలిపిన నిమిషంలో తినాలి, పొట్లం కట్టించుకుని ఇంటికి తీసుకెళ్తే టమాటా తడికి ముద్దవుతుంది. పానీపూరీ విషయంలో నా సలహా నీళ్ల కుండలోకి చెయ్యి పెడుతున్నాడా, గరిటె పెడుతున్నాడా చూడమనే.

ఐదో అడుగు: ఏడున్నరకు కారం దోసె

ఊరి అసలు గొప్ప ఇదే. దాని మీద నాకు పట్టుదల ఎక్కువ, భరించండి.

నెల్లూరు కారం దోసె అంటే మసాలా దోసెలో కారం రాసింది కాదు. బంగాళాదుంప ఉండదు. పిండి పెనం మీద తిప్పి, పైభాగం ఇంకా పచ్చిగా తడిగా ఉన్నప్పుడే ఎర్రకారం రాస్తారు. తడి ఉంటే కారం పిండిలో కలిసి దోసెతో పాటు కాలుతుంది, వెల్లుల్లి పచ్చివాసన పోతుంది. ఆరిపోయాక రాస్తే కారం పైన పేస్టులా మిగిలిపోయి నాలుకను మాత్రమే మండిస్తుంది. దాని మీద పప్పుల పొడి ధారాళంగా చల్లుతారు. పొడి ఎందుకంటే కారాన్ని మెత్తబరిచి, నెయ్యిని పీల్చుకుని ఒక కమ్మదనం తెస్తుంది. చివర నెయ్యి. పొడి, నెయ్యి, ఈ రెండింటిలో ఏది తగ్గినా అది వట్టి మంట.

పెనం దగ్గర నిలబడి చూడండి. ప్రతి దోసెకూ ముందు నీళ్లు చల్లి తుడుస్తాడు, ఆ నీళ్లు చుయ్యిమని వెంటనే ఆవిరైపోవాలి, కానీ పెనం నుంచి పొగ రాకూడదు. మరీ వేడి పెనం మీద పిండి తిరగదు, గరిటెకు చుట్టుకుని వచ్చేస్తుంది. నీళ్లు చల్లడం శుభ్రానికే కాదు, ఆ వేడిని దించడానికి.

పిండి పులుపు గురించి. ఎండాకాలం రాత్రి తొమ్మిది దాటితే పొద్దున రుబ్బిన పిండి బాగా పులిసి ఉంటుంది. కొందరికి అదే ఇష్టం. నాకు కాదు. అందుకే ఏడున్నర, ఎనిమిది మధ్య అంటున్నాను. అప్పటికి పెనం ఒక ఇరవై దోసెలు పోసి కుదురుకుని ఉంటుంది, పిండి ఇంకా మంచిగా ఉంటుంది. పొద్దున ఏడున్నర కూడా అంతే మంచిది, కానీ అది వేరే రోజు పెట్టుకోండి.

ఆర్డరు ఇలా చెప్పండి: "అన్నా, నెయ్యి కారం ఒకటి, పొడి ఎక్కువ, ఎర్రగా కాల్చు." బయటి ఊరి వాళ్లయితే "కారం సగం" అని తప్పకుండా చేర్చండి, ఇందులో పరువు సమస్య లేదు. మా బావ రెండోసారి వచ్చినప్పుడు పరువుకు పోయి పూర్తి కారం చెప్పించుకుని, సగం దోసెకు ముక్కు తుడుచుకుంటూ "బావా, పెరుగు దొరుకుద్దా?" అన్నాడు. దోసెల మాస్టారు తల ఎత్తకుండానే "వేరుశనగ చట్నీలో ముంచుకో నాయనా, నీళ్లు మాత్రం తాగొద్దు" అన్నాడు. మాస్టారు చెప్పిందే సరి. మిరపకాయ మంటకు కారణమైన క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. నీళ్లు మంటను నోరంతా తిప్పుతాయి.

ఆరో అడుగు: ఎనిమిదిన్నరకు మలై కాజా

తాపేశ్వరం మడత కాజా, కాకినాడ గొట్టం కాజా తిన్న నోటితో మా కాజాను కొలవకండి. అవి మైదా పొరల్లో పాకం నింపుకున్నవి, కొరికితే కరకరమంటాయి లేదా పాకం చిమ్ముతుంది. మాది పాలు, కోవా కలిసిన మెత్తని కాజా. వేలితో నొక్కితే దిగాలి, వదిలితే మెల్లగా లేవాలి. దీన్ని సన్నని సెగ మీద చాలాసేపు వేయిస్తారు. పెద్ద మంట పెడితే పైన నల్లబడి లోపల పిండి ఉడకదు, అలాంటి కాజా మధ్యలో కొరికితే తెల్లని గట్టి గింజ తగులుతుంది. అది తగిలితే ఆ షాపులో రెండోది కొనకండి.

కొనేముందు ఒకటి తిని చూడండి. ట్రే ముందు తేదీ కాగితం కోసం వెతకండి. విడిగా అమ్మే స్వీట్లకు కూడా ఎప్పటిలోగా తినాలో రాసి పెట్టాలని 2020 అక్టోబరు నుంచి నియమం. పాల సరుకు కాబట్టి ఇక్కడ ఆ తేదీ నిజంగా ముఖ్యం. ఫ్రిజ్‌లోంచి తీసింది వెంటనే తినొద్దు, నెయ్యి గడ్డకట్టి నోటికి మైనంలా అంటుకుంటుంది. అరగంట బయట ఉంచండి.

పక్కన గులాబీ, పచ్చ రంగుల్లో మెరిసే స్వీట్లు పిల్లలు అడుగుతారు. రోడమైన్-బి అనే బట్టల రంగు దొరకడంతో తమిళనాడు 2024 ఫిబ్రవరిలో పీచు మిఠాయినే నిషేధించింది. ముదురు రంగు కనిపిస్తే నేను పిల్లల చెయ్యి పట్టుకుని పాలకోవా వైపు తిప్పుతాను.

మైసూర్ పాక్ మాత్రం ఇక్కడ వదిలేయండి. అది ఒంగోలు పని. అక్కడివాళ్లను అడిగితే అల్లూరయ్య పేరు చెప్తారు, నెల్లూరు వాణ్ణయినా ఆ విషయంలో నేను వాదించను.

తాగడానికి

బజ్జీల తర్వాత సుగంధ సోడా, చివర్లో వేడి బాదం పాలు. మధ్యలో చెరుకు రసం తాగితే ఐసు వద్దనండి. చేపలకు వాడే ఐసుతో కలవకుండా, తినడానికి పనికిరాని ఐసుకు నీలం రంగు కలపాలన్న నియమం ఉంది. కానీ సముద్రం దగ్గరి ఊరు, ఐసు ఎక్కణ్ణుంచి వచ్చిందో బండివాడికీ తెలియకపోవచ్చు.

ఇక డబ్బా

కాజాలు అట్టపెట్టెలో కట్టించుకుని రైలెక్కితే కావలి వచ్చేసరికి పాకం కారి బ్యాగులో బట్టలన్నీ జిగురు. స్టీలు డబ్బాలో ఒకే వరసలో పేర్పించండి, ఒకదాని మీద ఒకటి పెడితే కిందివి చితుకుతాయి. మూత కింద అరిటాకు ముక్క లేదా బటర్ పేపరు. డబ్బాను బ్యాగులో నిలువుగా కాకుండా పడుకోబెట్టి, పైన బరువు లేకుండా చూసుకోండి. ఎండాకాలమైతే మరుసటి రోజు లోపు తినేయాలి.

మా బావకు అలాగే ఎనిమిది పేర్చి ఇచ్చాను, అత్తకూ మామకూ చెరి నాలుగు. పొద్దున అత్త ఫోన్ చేసింది. "డబ్బా బాగానే వచ్చిందిరా, చుక్క కారలేదు. కానీ ఐదే ఉన్నాయేంటి?" అంది. వాణ్ణి నిలదీస్తే ఒంగోలు దాటకముందే మూత తీశానని ఒప్పుకున్నాడు.